“విధి నిర్వహణలో ఉండెను” అనే ఒక్క పంక్తి

(మైనారిటీ హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరదేశంలో విడిది చేసిన సైన్యం నేరం చేస్తే దానిని ఏ న్యాయస్థానం విచారించాలి అన్న అంశంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని ఆదేశించారు. మేము న్యాయవాదులము కాము. ముప్పైమూడు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు వ్రాసి, పదవీ విరమణ చేసినవారము. కనుక ఈ విషయాన్ని కూడా ఒక ఫైలు విప్పినట్లే విప్పుతాము. ముందుగా మా సొంత ఫైలు.

అది మా ఉద్యోగపు తొలి సంవత్సరాల మాట. మా కార్యాలయపు జీపు ఒక సాయంత్రం ఊరి పొలిమేరలో గడ్డిమోపు మోసుకొస్తున్న ఒక వృద్ధుని ఢీకొట్టింది. ఆయన రెండు దినాలు ఆసుపత్రిలో ఉండి మరణించాడు. ఆనాడు ఆ జీపు వెళ్ళింది తనిఖీకి కాదు, అధికారి బంధువుల ఇంట పెళ్ళికి. మరునాడు ఉదయం లాగ్ బుక్ మా బల్ల మీదికి వచ్చింది. ప్రయాణ కారణం వ్రాయవలసిన గడి ఖాళీగా ఉంది. నింపమన్నారు. “చెరువు పనుల తనిఖీ నిమిత్తము” అని మా చేతిరాతతోనే నింపాము. డ్రైవరు మీద కేసు నడిచింది. వృద్ధుని కుటుంబానికి కొంత పరిహారమూ దక్కింది. కాని ఆ జీపు ఆ దారిన ఎందుకు వెళ్ళిందని ఏ కోర్టులోనూ ఎవరూ అడగలేదు. అడిగే అవకాశాన్ని మా పంక్తి మిగల్చలేదు. ఈ మాట ఇంతవరకు మేము ఏ సభలోనూ చెప్పలేదు. ఈనాటి అంశమంతా అటువంటి ఒక్క పంక్తి చుట్టూనే తిరుగుతున్నది కనుక చెప్పక తప్పింది కాదు.

పరదేశపు సేన మన గడ్డ మీద విడిది చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసింది. నిజాం రాజ్యంలోనే ఉన్న ఆ కంటోన్మెంటులో నిజాం కొత్వాలు మాట చెల్లేది కాదు. హైదరాబాదు కాంటింజెంటు అనే మరొక సేన ఖర్చుల నిమిత్తం 1853లో బేరారు ప్రాంతాన్నే అప్పగించవలసి వచ్చింది. సేన తనది కాదు, దాని మీద న్యాయాధికారం తనది కాదు, ఖర్చు మాత్రం తనది. ఇతర ముస్లిం రాజ్యాలలో ఇటువంటి ఏర్పాట్లను “కాపిటులేషన్లు” అనేవారు. యూరోపియనుడు నేరం చేస్తే అతని దేశపు కాన్సల్ విచారిస్తాడే తప్ప స్థానిక ఖాజీ విచారించరాదు. తురుష్కులు 1923 నాటి లొసాన్ సంధితో ఆ భారాన్ని దించుకున్నారు. ఇరాన్ 1928లో దించుకుంది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అదే వ్యవహారం కొత్త పేరుతో వచ్చింది. “స్టేటస్ ఆఫ్ ఫోర్సెస్ అగ్రిమెంట్” అని దాని పేరు. పొడి అక్షరాలలో “సోఫా” అంటారు. కూర్చునే సోఫా కాదు గాని, పంపిన దేశపు సైనికునికి ఇదీ మెత్తగానే ఉంటుంది. వీటిలో ప్రసిద్ధమైనది 1951 జూన్ 19న లండనులో నాటో దేశాలు చేసుకున్నది. దాని ఏడవ అధికరణం చాలా జాగ్రత్తగా వ్రాసినది. పక్షపాతంతో వ్రాసినదని అనలేము. ఒకే చర్య రెండు దేశాల చట్టాల ప్రకారమూ నేరమైనప్పుడు ముందుగా విచారించే హక్కు ఎవరిది అన్నదే అందులోని ప్రశ్న. సైనికుడు తన తోటి సైనికుని కొట్టినా, తన సైన్యపు ఆస్తిని దొంగిలించినా, అధికారిక విధి నిర్వహణలో ఏదైనా చేసినా పంపిన దేశానిది మొదటి హక్కు. మిగిలిన నేరాలన్నిటిలో ఆతిథ్య దేశానిది మొదటి హక్కు. చదవడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆ రోజు ఆ గడియలో అతడు విధి నిర్వహణలో ఉన్నాడా లేడా అని మొదట నిర్ణయించేది ఎవరు? ఆచరణలో అతని పైఅధికారి. అతడు ఒక ధ్రువపత్రం వ్రాసి ఇస్తాడు. జపాన్, కొరియా ఒప్పందాలలోనైతే ఆ ధ్రువపత్రానికి సాక్ష్యపు విలువ ఉన్నదని అనుబంధ పత్రాలలో ప్రత్యేకంగా వ్రాసుకున్నారు. ఆతిథ్య దేశం ఆక్షేపించవచ్చు, సంయుక్త సంఘంలో చర్చించవచ్చు. కాని ఫైలు మొదలయ్యేది మాత్రం ఆ పంక్తితోనే. మొదటి నోటు వ్రాసినవాడిదే సగం ఫైలు అని మా కార్యాలయాలలో అంటారు.

1957 జనవరి 30న జపాన్‌లోని గున్మా ప్రాంతంలో, సోమగహర అనే కాల్పుల అభ్యాస క్షేత్రంలో ఆరుగురు బిడ్డల తల్లి ఒకామె ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకుంటోంది. అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. కాపలా ఉన్న అమెరికన్ సైనికుడు కొన్ని గొట్టాలు విసిరి దగ్గరకు రానిచ్చి, తుపాకికి అమర్చిన గ్రెనేడు గొట్టంతో ఒక ఖాళీ తూటాను ఆమెపైకి పేల్చాడు. ఆమె మరణించింది. అతడు విధి నిర్వహణలో ఉన్నాడని పైఅధికారి ధ్రువపరిచాడు. కాపలా కాయడం విధియే, కాని తూటాలు ఎరవేసి మనిషిని పిలిచి కొట్టడం ఏ విధి అని జపాన్ నిలదీసింది. చివరకు అమెరికా అంగీకరించి జపాన్ కోర్టుకు అప్పగించడానికి సిద్ధపడింది. ఆ సైనికుడు తమ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1957 జూలైలో ఆ కోర్టు అప్పగింతకు అడ్డు చెప్పలేదు. తన గడ్డ మీద జరిగిన నేరాన్ని విచారించే అధికారం స్వతంత్ర దేశానికి సహజంగా ఉంటుందని, తాను ఒప్పుకొని వదులుకుంటే తప్ప అది పోదని ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత జపాన్ కోర్టు వేసిన శిక్ష మూడేళ్ళు, అదీ అమలు కాకుండా నిలిపివేసిన శిక్ష. శిక్ష స్వల్పమే, కాదనము. అయినప్పటికీ ఆ తల్లి మరణం ఆమె ఊరి భాషలో, ఆమె పిల్లలకు అందే దూరంలో విచారణకు వచ్చింది.

కొరియాలో అదీ జరగలేదు. 2002 జూన్ 13న యాంగ్జు దగ్గర పధ్నాలుగేళ్ళ బాలికలిద్దరు రోడ్డు అంచున నడిచి వెళుతుండగా అమెరికన్ సైనిక వాహనం వారిని నలిపివేసింది. విచారణాధికారం వదులుకొమ్మని కొరియా ప్రభుత్వం కోరింది. వాహనం విన్యాసాలలో ఉన్నది కనుక అది విధి నిర్వహణయే అని అమెరికా నిరాకరించింది. ఆ సంవత్సరం నవంబరులో అమెరికన్ సైనిక న్యాయస్థానం నిందితులిద్దరినీ నిర్దోషులని ప్రకటించింది. వేలాది కొరియన్లు కొవ్వొత్తులతో వీధులలోకి వచ్చారు. ఇటలీలోని కవలేజెలో 1998 ఫిబ్రవరి 3న అనుమతించిన ఎత్తు కన్నా కిందుగా ఎగిరిన అమెరికన్ యుద్ధవిమానం కేబుల్ కారు తీగను తెంపగా ఇరవై మంది లోయలో పడి చనిపోయినప్పుడూ ఇదే. ఇటలీ ధనిక దేశం, నాటో సభ్యదేశం. అయినా విచారణ అమెరికాలోనే జరిగింది. పైలటు ప్రాణహాని అభియోగం నుండి విముక్తుడయ్యాడు. తరువాత అతనికి ఆరునెలల శిక్ష పడింది, ఆ విమాన ప్రయాణపు వీడియో టేపును నాశనం చేసినందుకు. ఇరవై ప్రాణాలకు లేని శిక్ష ఒక టేపుకు పడింది.

ఈ రెండు సంఘటనలను ముందుగా చెప్పడానికి కారణమున్నది. ఇది ముస్లిం దేశాలకు మాత్రమే జరిగే అన్యాయమని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. బౌద్ధులకు, క్రైస్తవులకు కూడా జరిగింది. ఒప్పందం మీద సంతకం చేసిన చేతి బలాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి, అంతే.

ఆ బలహీనమైన చేయి ఎలా ఉంటుందో చూడాలంటే 1964 నాటి ఇరాన్‌ను చూడాలి. ఆ అక్టోబరులో షా ప్రభుత్వం అమెరికన్ సైనిక సలహాదారులకు, వారి కుటుంబాలకు దౌత్యవేత్తలతో సమానమైన రక్షణను మజ్లిస్ చేత ఆమోదింపజేసింది. ఇక్కడ విధి నిర్వహణ అన్న షరతు కూడా లేదు. కొద్ది దినాలకే ఇరవై కోట్ల డాలర్ల రుణం మంజూరైంది. అక్టోబరు 26న ఖుమ్ నగరంలో ఆయతుల్లా ఖుమైనీ దీనిని కాపిటులేషన్ అని పేరుపెట్టి ఖండించారు. నవంబరు 4న ఆయనను దేశం నుండి తుర్కియాకు పంపివేశారు. ఆయన రాజకీయాలతో మీలో ఎందరు ఏకీభవిస్తారో మాకు అనవసరం. ఒక చట్టపు మూడు పంక్తుల కోసం ఒక దేశం ఎంతగా కలత చెందగలదో గమనించమని మాత్రమే కోరుతున్నాము.

ఇక ఇరాక్. దీని దగ్గర కొంచెం ఆగుతాము.

2004 జూన్ 28న అధికారాన్ని ఇరాకీలకు అప్పగించారు. దానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, జూన్ 27న, ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ పదిహేడవ నంబరు ఉత్తర్వును సవరించి సంతకం చేశాడు. విదేశీ సేనలకు ఇరాక్ కోర్టుల నుండి మినహాయింపు. సేనలకు పనిచేసే ప్రైవేటు భద్రతా సంస్థల ఉద్యోగులకు కూడా, తమ కాంట్రాక్టు పనిలో భాగంగా చేసిన చర్యలకు మినహాయింపు. ఇల్లు ఖాళీ చేసేవాడు తాళం చెవి యజమాని చేతిలో పెట్టి, ఒక గదికి మాత్రం తన తాళం వేసుకొని పోయినట్లున్నది.

2005 నవంబరు 19న హదీథా పట్టణంలో రోడ్డు పక్కన బాంబు పేలి ఒక అమెరికన్ మెరైన్ మరణించాడు. ఆ తరువాత మెరైన్లు ఇళ్ళలోకి చొరబడి స్త్రీలతో, పిల్లలతో సహా ఇరవైనాలుగు మంది పౌరులను చంపారు. మరుదినం వెలువడిన సైనిక ప్రకటన ఏమన్నదంటే, పదిహేను మంది పౌరులు బాంబు పేలుడులో మరణించారని. చూశారా, గడి నింపడం! ఒక స్థానిక పౌరుడు ఇళ్ళలోని గోడలను, శవాలను వీడియో తీసి ఉండకపోతే ఆ పంక్తే చరిత్ర అయ్యేది. ఆ వీడియో ఒక అమెరికన్ పత్రికకు చేరి, 2006 మార్చిలో కథనం వెలువడిన తరువాతనే లోకానికి నిజం తెలిసింది. ఎనిమిదిమంది మీద అభియోగాలు మోపారు. ఆరుగురి మీద ఉపసంహరించుకున్నారు, ఒకరు నిర్దోషి అయ్యారు. మిగిలిన ఒకరు 2012 జనవరిలో విధి నిర్వహణలో నిర్లక్ష్యం మాత్రమే ఒప్పుకొని, హోదా తగ్గింపుతో, ఒక్కరోజు జైలు లేకుండా బయటపడ్డాడు. విధి అన్న మాట అక్కడ కూడా వచ్చింది. నేరం పేరే విధిలో నిర్లక్ష్యం.

దీనికి భిన్నమైన ఉదాహరణను దాచడం మాకు ఇష్టం లేదు. 2006 మార్చిలో మహమూదియాలో పధ్నాలుగేళ్ళ బాలికను చెరచి, ఆమెనూ తల్లిదండ్రులనూ చెల్లెలినీ చంపిన సైనికులకు అమెరికన్ న్యాయస్థానాలే దీర్ఘకాల శిక్షలు వేశాయి. ముఖ్య నేరస్థునికి యావజ్జీవం పడింది. ఆ నేరాన్ని బయటపెట్టినవాడు కూడా అదే దళపు సైనికుడు. అలాగే 2012 మార్చి 11న అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్ ప్రాంతంలో ఒక్క రాత్రిలో పదహారు మందిని కాల్చిచంపిన సైనికునికి పెరోలు లేని యావజ్జీవ శిక్ష పడింది. కాబట్టి పంపిన దేశం ఎన్నడూ శిక్షించదని అనడం అసత్యం. కాని కాందహారు విచారణ ఎక్కడ జరిగింది? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో. నిందితుని కొన్ని రోజులలోనే అఫ్ఘాన్ గడ్డ దాటించారు. బాధిత కుటుంబాలలో కొందరిని విమానాలలో తీసుకువెళ్ళి సాక్ష్యం చెప్పించారు. మిగిలిన ఊరు తన శవాలకు జరిగిన న్యాయాన్ని రేడియోలో వినవలసిందే.

2007 సెప్టెంబరు 16న బాగ్దాదులోని నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు సంస్థ కాపలాదారులు వాహనాల రద్దీపైకి కాల్పులు జరిపి పదిహేడు మందిని చంపారు. వారిలో తొమ్మిదేళ్ళ బాలుడు ఉన్నాడు. ఇరాక్ కోర్టు ముట్టుకోలేదు, ఎందుకంటే పదిహేడవ ఉత్తర్వు. ఏడేళ్ళు నడిచిన తరువాత 2014లో వాషింగ్టన్ నగరపు కోర్టు నలుగురిని దోషులుగా నిర్ధారించింది. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష ఇచ్చాడు. విచారణాధికారం ఎవరిదో క్షమాభిక్ష అధికారమూ వారిదే.

క్షమ అన్నాము కనుక డబ్బు సంగతి కూడా చెప్పాలి. హదీథాలో మరణించినవారిలో కొందరి కుటుంబాలకు అమెరికన్ సైన్యం మనిషికి రెండువేల ఐదువందల డాలర్ల చొప్పున మొత్తం సుమారు ముప్పైయెనిమిది వేల డాలర్లు చెల్లించింది. అది సానుభూతి చెల్లింపు. తప్పును ఒప్పుకున్నట్లు కాదు. మన పెద్దలు కొందరు దీనిని దియత్‌తో పోల్చడం మేము విన్నాము. పోలిక కుదరదు. దియత్‌కు మొదటి మెట్టు, ఈ ప్రాణం నా చేత పోయిందన్న ఒప్పుకోలు. రెండవది, వారసుల స్వేచ్ఛాయుతమైన సమ్మతి. ఆ రెండూ లేని సొమ్ము దియత్ కాదు, రసీదు మాత్రమే. పాకిస్తాన్‌లో దియత్ పేరుతోనే జరిగినదాన్ని కూడా తలచుకుందాము. 2011 జనవరి 27న లాహోరులో రేమండ్ డేవిస్ అనే అమెరికన్ గూఢచారి సంస్థ కాంట్రాక్టరు ఇద్దరిని కాల్చిచంపాడు. అతనికి దౌత్యరక్షణ ఉన్నదని అమెరికా వాదించింది. మృతులలో ఒకరి భార్య న్యాయం జరగదని నిరాశ చెంది విషం తీసుకొని మరణించింది. మార్చి 16న ఇరవై లక్షల డాలర్లకు పైబడిన సొమ్ము వారసులకు ముట్టిందని, వారు క్షమించారని కోర్టులో చెప్పి అతనిని విడిచిపెట్టారు. రక్షణ అనే తలుపు తెరుచుకోనప్పుడు షరీఅత్ అనే తలుపు తట్టారు. తలుపు తీసినవారు మనవారే అన్న సంగతి మరచిపోరాదు.

ఇరాక్ కథలో ఒక మలుపు ఉన్నది. 2008 నవంబరు 17న కుదిరిన కొత్త ఒప్పందంలో ప్రైవేటు కాంట్రాక్టర్ల రక్షణ పోయింది. శిబిరం వెలుపల, విధిలో లేనప్పుడు ముందస్తు ఆలోచనతో చేసిన ఘోర నేరాలలో సైనికుల మీద కూడా ఇరాక్‌కు మొదటి హక్కు వచ్చింది. విధిలో ఉన్నాడో లేడో ధ్రువపరిచేది మాత్రం మళ్ళీ అమెరికన్ అధికారులే. 2011 చివరకు ఆ ఒప్పందం గడువు ముగిసింది. కొన్నివేల మంది ఉండాలంటే పార్లమెంటు ఆమోదించిన రక్షణ కావాలని అమెరికా కోరింది. ఇరాక్ నాయకులు శిక్షకులు ఉండవచ్చునన్నారు గాని రక్షణ ఇవ్వమన్నారు. డిసెంబరు 18న చివరి వాహనాల వరుస కువైట్ సరిహద్దు దాటింది. ఇతర కారణాలూ ఉన్నాయి, ఒప్పుకుంటాము. అయినా అంతటి సైన్యం ఒక అధికరణం కుదరక వెళ్ళిపోయింది. అయితే 2014లో దాయిష్ ముప్పు వచ్చినప్పుడు అమెరికన్లు తిరిగి వచ్చారు. ఈసారి రక్షణ హామీ పార్లమెంటుకు పోలేదు, దౌత్య లేఖ రూపంలో సరిపోయింది. చట్టసభలో గెలవనిది ఉత్తరంలో గెలిచింది. గుమాస్తాలకు ఇటువంటివి బాగా అర్థమవుతాయి.

ఇంతవరకు ఇతరుల ఫైళ్ళు చూశాము. మన ఫైలు కూడా చూడాలి, లేకుంటే మా లాగ్ బుక్ కథ చెప్పి ప్రయోజనం లేదు. 1987 అక్టోబరులో మన శాంతి పరిరక్షక దళం శ్రీలంకలో ఉన్నప్పుడు యాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు కాల్పులలో మరణించారు. ఆ వ్యవహారం ఏ శ్రీలంక కోర్టు ముందుకూ రాలేదు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలలో ఇంతవరకు రెండు లక్షలకు పైగా భారత సైనికులు పనిచేశారు. ఆ దళాల కోసం 1990లో తయారైన నమూనా ఒప్పందం ప్రకారం సైనికుల నేరాలపై విచారణాధికారం వారిని పంపిన దేశానిదే. అంటే ఆఫ్రికాలో ఒక తల్లికి మన దేశం, ఇరాక్‌లో ఒక తల్లికి అమెరికా ఉన్న స్థానంలోనే ఉంటుంది. మన సైనికుల త్యాగాలను తక్కువ చేయడం లేదు. మన కొలబద్ద ఒక్కటే ఉండాలి అంటున్నాము.

మనం బాధితుల పక్షాన ఉన్న సందర్భమూ ఉన్నది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల ఇటలీ నౌకాసైనికులు ఇద్దరు మన జాలరులను కాల్చిచంపారు. వారు విడిది చేసిన సేన కాదు, నౌకకు కాపలా ఉన్నవారు. అయినా ప్రశ్న అదే. 2020 మే నెలలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం, వారు తమ ప్రభుత్వపు అధికారిక విధిలో ఉన్నారు కనుక భారత కోర్టులు విచారించరాదని, ఇటలీ పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. పది కోట్ల రూపాయలు వచ్చాయి. మృతుల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, పడవ యజమానికి రెండు కోట్లు. 2021లో మన సుప్రీంకోర్టు కేసు మూసివేసింది.

2002 డిసెంబరు 26న మన ప్రభుత్వం అమెరికాతో ఒక ఒప్పందం చేసుకుంది. ఒకరి పౌరులను మరొకరు, సమ్మతి లేకుండా అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి అప్పగించరాదని దాని భావం. మన రాజ్యాంగ వ్యవస్థలో ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. కార్యనిర్వాహక వర్గం సంతకం చాలు. 2019 నవంబరులో “టైగర్ ట్రయంఫ్” అనే పేరుతో విశాఖపట్నంలోను, మన కాకినాడ తీరంలోను అమెరికన్ మెరైన్లు, మన త్రివిధ దళాలు కలిసి విన్యాసాలు చేశాయి. తరువాత కూడా అవి కొనసాగాయి. అవి స్థావరాలు కావు, కొద్ది దినాల విన్యాసాలు. పుకార్లు పుట్టించవద్దని యువకులకు ప్రత్యేకంగా మనవి. కాని ఆ కొద్ది దినాలలో కాకినాడ రోడ్డు మీద ఒక సైనిక వాహనం గడ్డిమోపు మోసుకొస్తున్న మనిషిని ఢీకొడితే, విధి నిర్వహణలో ఉండెను అన్న పంక్తిని ఎవరు వ్రాస్తారు, దానిని ప్రశ్నించే హక్కు ఎవరికి ఉంటుంది, ఇది అడగడం పౌరుని పని.

అందుచేత ఒక అభ్యర్థన పత్రం తయారుచేశాము. మన పార్లమెంటు సభ్యులకు. విదేశీ సైనికులు మన గడ్డ మీద, మన సైనికులు పరాయి గడ్డ మీద ఉన్నప్పుడు వర్తించే విచారణాధికారపు నిబంధనలను ఉభయసభల ముందు ఉంచాలని, విధి నిర్వహణ ధ్రువపత్రాన్ని స్థానిక న్యాయమూర్తి పరిశీలించే వీలు ప్రతి ఒప్పందంలోను ఉండాలని అందులో కోరాము. రెండే పేజీలు. ద్వారం పక్కనున్న బల్ల మీద ఉన్నది. సమ్మతించినవారు సంతకంతో పాటు పూర్తి పేరు, చిరునామా, పిన్ కోడు స్పష్టంగా వ్రాయండి. ముందు పూర్తిగా చదవండి. గడులు ఏవీ ఖాళీగా వదలకండి. మీరు వదిలినవి తరువాత మేము నింపము.